టీకాల పెట్టె మూత తీయనన్నందుకు

కరోనా టీకాల హడావిడి సద్దుమణిగిన తరువాతి వేసవిలో, నా సర్వీసు చివరి ఏడాదిలో, నన్ను కోటబొమ్మాళి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసీ ఆఫీసరుగా వేశారు. మాది బొబ్బిలి. ఇంటికి దగ్గరలో ఎక్కడైనా వేయమని నేను పెట్టుకున్న అర్జీకి జవాబు ఈ పోస్టింగు. జిల్లా దాటించి ఇచ్చారు. అర్జీ అందినట్టు రసీదు నా దగ్గర ఇప్పటికీ ఉంది కాబట్టి అందలేదని ఎవరూ అనడానికి వీల్లేదు.

ఉద్యోగంలో చేరిననాటి నుంచి నా హోదా పేరు రెండు సార్లు మారింది. ఫార్మసిస్టు అన్నారు, తరువాత ఫార్మసీ ఆఫీసరు అన్నారు. జనం మాత్రం మొదటి నుంచి చివరి దాకా కాంపౌండరు అనే పిలిచారు. ఊళ్ళోవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ తాతల కాలం నుంచీ ఆ మాటే వాడుకలో ఉంది. శ్రీకాకుళంలో శిక్షణ తరగతి పెట్టి, హాజరు పట్టీలో నా హోదా చూసి కూడా, "ఏమండీ కాంపౌండరు గారూ" అన్న అధికారి సంగతి వేరు. ఆయన పేరు నాకు బాగా గుర్తుంది. ఇక్కడ రాయను.

ఆరోగ్య కేంద్రంలో ఫార్మసీ ఆఫీసరు పని మందులు ఇవ్వడంతో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. మా కేంద్రంలో టీకాల నిల్వ కూడా నాదే. దానికి ఐ.ఎల్.ఆర్. అనే పెట్టె ఉంటుంది. చూడటానికి ఐస్‌క్రీము దుకాణంలో పెట్టెలా పైకి తెరుచుకునే మూతతో ఉంటుంది. గోడల లోపల చుట్టూ ఐసు పొర ఉంటుంది. కరెంటు పోయినా ఆ ఐసే లోపలి చల్లదనాన్ని చాలాసేపు కాపాడుతుంది. టీకాలు రెండు డిగ్రీలకూ ఎనిమిది డిగ్రీలకూ మధ్య ఉండాలి. ఎనిమిది దాటి ఎక్కువసేపు ఉంటే కొన్ని టీకాల బలం తగ్గిపోతుంది. రెండు కంటే దిగి గడ్డకడితే మరికొన్ని అసలే పనికిరావు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలి థర్మామీటరు చూసి రాయాలి. చూడటానికి మూత తీయక తప్పదు గనుక టీకాలు తీసే వేళకే ఆ చూపు కూడా కలుపుకుని, గబగబా చూసి మూసేయాలి. అనవసరంగా మూత తీయకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. నేను పని చేసిన ప్రతి చోటా కరెంటు పోయిన మరుక్షణం ఆ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడిని. నా చేతి కింద ఒక్క సీసా కూడా పాడైందని ఎవరూ రాయలేదు. రాయడానికి అవకాశం ఇవ్వలేదు.

ఆ వేసవిలో లాగర్లు వచ్చాయి. లాగరు అంటే అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ బిళ్ళ. పెట్టెలో టీకాల బుట్టలో పెడితే కొద్ది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత కొలిచి తన జ్ఞాపకంలో దాచుకుంటుంది. మన ఫోను బ్లూటూత్ ద్వారా దానితో కలిసి, ఆ అంకెలన్నీ తీసుకుని, ఇంటర్నెట్ ద్వారా పై కార్యాలయానికి పంపుతుంది. బ్లూటూత్ అంటే ఒక గది దాటని చిన్న రేడియో అనుకోండి. సిమ్ము అక్కర్లేదు, వైరు అక్కర్లేదు. రెండు వస్తువులు దగ్గరగా ఉండి, ఒకసారి జత చేసి ఉంటే చాలు. ఫోనులో బ్లూటూత్‌తో పాటు లొకేషను కూడా ఆన్‌లో పెట్టాలి. ఒక లాగరు ఒక సమయంలో ఒక ఫోనుతోనే మాట్లాడుతుంది. ఇవన్నీ శిక్షణలో చెప్పారు. ఫోను మాత్రం మా సొంతదే వాడమన్నారు. ఆ సంగతి మీద నేను రాసిన కాగితానికి ఇంతవరకూ జవాబు లేదు.

శ్రీకాకుళంలో ఒక కాలేజీ హాల్లో ఆ శిక్షణ జరిగింది. తెలుపు చొక్కా వేసుకున్న యువ అధికారి బల్ల మీద లాగరు పెట్టి, పక్కన ఫోను పెట్టి, మీట నొక్కాడు. క్షణంలో జత కుదిరింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి, ఆ బిళ్ళను ఐ.ఎల్.ఆర్.లో పెట్టి మూత వేసి ఇదే చూపించమని అడిగాను. ఆయన నవ్వి, "ఏమండీ కాంపౌండరు గారూ, ఇది వైర్‌లెస్. మూత ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? ఇంటికెళ్ళి మీ మనవడిని అడగండి, చక్కగా చెప్తాడు" అన్నాడు. హాలంతా నవ్వింది. నా పక్క కుర్చీలో ఉన్నవాడు కూడా నవ్వాడు. అతను అప్పటికి పదేళ్ళుగా నాకు తెలిసినవాడు. ఆ తరువాత నేను అతనితో మాట్లాడలేదు.

కేంద్రానికి తిరిగి వచ్చి, చెప్పినట్టే లాగరును పై బుట్టలో టీకా సీసాల మధ్య పెట్టి, మూత వేసి, ఫోను తీశాను. 'పరికరం కనబడలేదు' అన్నది యాప్. ఫోను ఆపి మళ్ళీ వెలిగించాను. బ్లూటూత్ ఆపి మళ్ళీ పెట్టాను. అదే మాట. మా ఏ.ఎన్.ఎం. నరసమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. ఆ ఊళ్ళ చుట్టూ తిరిగి పిల్లలకు టీకాలు వేసేది ఆవిడే. ఏ ఇంట్లో పురిటి బిడ్డ ఉన్నాడో కాగితం చూడకుండా చెప్పగలదు. నోరు కాస్త పెద్దది.

"బాబూ, ఆ బిళ్ళేటి ఊపిరాడక సచ్చిపోనాదేటి? ఓసారి మూత తియ్యండి సూద్దుము" అంది.

మూత తీశాను. వెంటనే జత కుదిరింది. అంకెలు ఫోనులోకి రావడం మొదలుపెట్టాయి. మూత వేశాను. జత తెగింది. మళ్ళీ మొదటి నుంచి. అంకెలన్నీ పూర్తిగా రావడానికి టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి పెట్టేంత సేపు పడుతుంది. అంతసేపూ మూత తెరిచే ఉంచాలి. ఆ గదిలో వేసవి మధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలేది.

వారం తిరిగేసరికి మా కేంద్రం ఎరుపులోకి వెళ్ళింది. యాప్‌లో ఆకుపచ్చ గీత ఉంటే చల్లదనం సరిగా ఉన్నట్టు, ఎరుపైతే ఎనిమిది దాటినట్టు. ఎరుపు కనిపించగానే పై నుంచి ఫోను వచ్చేది, మళ్ళీ ఒకసారి కలిపి చూడండని. మళ్ళీ కలపాలంటే మళ్ళీ మూత తీయాలి. తీస్తే మళ్ళీ ఎరుపు. మళ్ళీ ఫోను. మిగతా కేంద్రాల్లోనూ ఇదే జరుగుతోందని నరసమ్మ తోటి ఏ.ఎన్.ఎం.ల ద్వారా తెలుసుకుని వచ్చింది. ఒక చోట జత తొందరగా కుదురుతుందని లాగరునే చేత్తో బయటికి తీసి కిటికీ దగ్గర పెడుతున్నారట.

నేను సీసాలు పరీక్షించాను. ప్రతి టీకా సీసా మీద ఒక గుండ్రని గుర్తు, దాని మధ్య ఒక చిన్న చతురస్రం ఉంటాయి. దాన్ని వి.వి.ఎం. అంటారు. సీసా వేడికి గురైన కొద్దీ ఆ చతురస్రం నల్లబడుతూ వస్తుంది. చుట్టూ ఉన్న వలయం రంగుతో సమానమైతే ఆ సీసా పారేయాలి. మా సీసాలన్నిటిలోనూ చతురస్రం తెల్లగానే ఉంది. దానికి కారణమూ తెలిసినదే. బిళ్ళ పలచన, గాలి తగలగానే వేడెక్కుతుంది. సీసాలో మందు ఉంటుంది, అది నెమ్మదిగా గాని వేడెక్కదు. మూత వేయగానే రెండూ చల్లబడతాయి. అంటే ఎరుపు మా టీకాలది కాదు, మా తనిఖీది. ఈ మాటే రాసి పంపాను. జవాబుగా మెమో వచ్చింది.

మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. అందులో రాసిన విషయం ఇది: టీకాల నిల్వలో నిర్లక్ష్యం చూపినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదు? బుధవారం ఉదయం తనిఖీకి వస్తున్నాం. అప్పటి దాకా ప్రతి గంటకూ లాగరు కలిపి వివరం పంపాలి. అప్పటికీ ఎరుపే ఉంటే నిల్వ మొత్తం పారేయాలి, ఆ రోజు టీకాలు ఆపేయాలి. కింద సంతకం తెలుపు చొక్కా అధికారిది.

సర్వీసంతా నేను సంపాదించుకున్నది ఒక్కటే, మచ్చలేని సర్వీసు రిజిస్టరు. ఇంకొన్ని నెలల్లో దాన్ని మూసేస్తారు. దాని చివరి పేజీలో 'టీకాలు పాడుచేశాడు' అనే మాట ఎక్కబోతోంది. అది కూడా నేను చేయని పనికి, నేను ముందే హాల్లో అడిగిన ప్రశ్నకు. ఆ సోమవారం సాయంత్రం టీకాల పెట్టె మూత దించి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

లాగరు ఫోనుతో కలవకపోయినా దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. ఎన్నాళ్ళ తరువాత కలిపినా దాచుకున్నవన్నీ ఇస్తుంది. ఇది శిక్షణలో ఆయన చెప్పిన మాటే. కాబట్టి బుధవారం దాకా మూత తీయకపోతే లోపలి నిజం దానంతట అదే రాసి ఉంటుందని నా లెక్క. థర్మామీటరు చూసి రాయవలసిన గడుల్లో 'లాగరు చూసి నింపబడును' అని కారణం రాసిపెట్టాను. మంగళవారం ఉదయం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. వివరం రాలేదేమని అడిగారు. మూత తీస్తే గాని రాదు, మూత తీయను అని చెప్పాను. ఇది ఆదేశ ధిక్కారం అన్నారు. అదే మాట రాతపూర్వకంగా పంపమన్నాను. పంపలేదు.

మా వైద్యాధికారి డాక్టరమ్మ చిన్న వయసు. మొదటి పోస్టింగు. ఆవిడ నన్ను పిలిచి, తనకూ ఫోన్లు వస్తున్నాయనీ, ఒకసారి తీసి చూపిస్తే పోతుంది కదా అనీ అడిగింది. మూత తీయమన్నది మీ ఆదేశమైతే కాగితం మీద ఇవ్వండి, తీసిన మరుక్షణం వచ్చే ఎరుపుకు కూడా బాధ్యత మీదేనని రాసివ్వండి అన్నాను. ఆవిడ, "తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి" అంది. ఆ మాటకు ఆవిడకు నేను ఇప్పటికీ విలువ ఇస్తాను.

నరసమ్మ మాత్రం మధ్యాహ్నం మెల్లగా గదిలోకి వచ్చింది. "బాబూ, రేపు టీకాలు ఆపెస్తే నానేటి సెప్పాల తల్లులికి? కూలి మానుకుని ఎత్తుకొస్తారు పిల్లల్ని. ఓపాలి ఆపితే మళ్ళీ రారు" అంది.

రేపు టీకాలు వేస్తావు అన్నాను.

"మీ మొండితనం మీద నమ్మకవే. ఆ సారు మీదే నేదు" అని వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున్నే వరండా నిండా తల్లులు. చంకలో పిల్లలు, చేతిలో టీకా కార్డులు. ఒకావిడ నన్ను చూసి "కాంపౌండరు బాబూ, బేగి కానివ్వండి, ఉపాధి పనుంది" అంది. కానిస్తామన్నాను. అధికారి జీపు దిగి నేరుగా గదిలోకి వచ్చాడు. డాక్టరమ్మ, నరసమ్మ వెనక నిలబడ్డారు. మూత తీయకుండానే పంపవచ్చు కదా, వివరం ఎందుకు పంపలేదని అడిగాడు. మీరే పంపి చూపించండి అన్నాను. నా ఫోనులో బ్లూటూత్ ఆపేసి, తన ఫోను జత చేసుకోమని లాగరు నంబరు ఇచ్చాను. ఆయన ఫోను వెతికింది. కనబడలేదు. పెట్టెకు అటు నిలబడ్డాడు, ఇటు నిలబడ్డాడు. ఫోను మూత మీద పెట్టి చూశాడు. చివరికి మీ లాగరు చెడిపోయింది అన్నాడు.

చెడిపోలేదు సార్, స్టీలు పెట్టెలో ఉంది అన్నాను. రేడియో తరంగం రేకు దాటదు. గోడల్లో ఐసు కూడా ఉంది, దాన్నీ దాటదు. హాల్లో మీరు బల్ల మీద చూపించారు. బల్లకు మూత ఉండదు.

తాళం తీసి మూత ఎత్తాను. జత కుదిరింది. సోమవారం సాయంత్రం నుంచి ఆ క్షణం దాకా అంకెలన్నీ ఆయన ఫోనులోకి వచ్చాయి. ఎక్కడా పైకీ కిందికీ పోకుండా చెరువు నీటి మట్టంలా ఉంది గీత. ఆకుపచ్చ. ఆయన దాన్ని పైకీ కిందికీ జరిపి చూశాడు. ఇది సరే, అంతకు ముందు ఎరుపులన్నీ ఏమిటి అని అడిగాడు. ఫలానా రోజు ఫలానా వేళ మీరు ఫోను చేశారు, చూడండి, ఆ వేళకే ఎరుపు ఉంది అన్నాను. అది యాదృచ్ఛికం అన్నాడు. నేను కాదన్నాను. మూత అలాగే తెరిచి ఉంది. ఆయన పెట్టె అంచు మీద మోచేయి ఆనించి వాదిస్తున్నాడు. నేనూ వాదిస్తున్నాను, తొందరపడకుండా, ఒక్కొక్క మాటా విడదీసి. గది వేడిగా ఉంది.

అప్పుడు ఆయన చేతిలోని ఫోను కూసింది. తెర ఎరుపెక్కింది.

నరసమ్మ ముందుకు వచ్చి, చాలా మర్యాదగా, "సారూ, మూత ఎయ్యండి. మా బాబుకి మళ్ళీ మెమో వస్తాది" అంది.

డాక్టరమ్మ గోడ వైపు తిరిగింది. నవ్వు దాచుకోవడానికి అని నా అభిప్రాయం. మూత నేనే వేశాను. అధికారి ఫోను జేబులో పెట్టుకుని, టీకాలు వేసుకోండి అన్నాడు. ఆ రోజు వరండాలో ఉన్న పిల్లలందరికీ నరసమ్మ టీకాలు వేసింది. ఏ సీసా తీసినా మధ్య చతురస్రం తెల్లగానే ఉంది.

వెళ్ళబోతూ ఆయన ఒక ప్రశ్న వేశాడు. అది మాత్రం న్యాయమైన ప్రశ్నే. మూత తీయకుండా రోజూ ఎలా చదువుతారు, అది చెప్పండి అన్నాడు. చెబుతాను అన్నాను.

మా బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళు పనస దుంగను తొలిచి వీణకు గుండ్రటి కుండ చేసేటప్పుడు వేలితో బయట తట్టుకుంటూ పోతారు. ఎక్కడ మందంగా ఉంది, ఎక్కడ పలచబడింది అన్నది లోపలికి చూడకుండానే పట్టుకుంటారు. చిన్నప్పుడు స్కూలుకు వెళ్తూ ఆగి చూసేవాడిని. మర్నాడు ఆ పెట్టె చుట్టూ ఫోను పట్టుకుని నేను చేసింది అదే పని. నాలుగు గోడలూ వరసగా చూశాను. లేదు. మూత మీద చూశాను. లేదు. అప్పుడు మూతకూ పెట్టెకూ మధ్య గాలి చొరబడకుండా ఉండే రబ్బరు పట్టీ గుర్తొచ్చింది. ఆ సన్న చారలో మాత్రం రేకు లేదు, ఐసు లేదు. పై బుట్ట ఉన్న వైపు రబ్బరుకు ఫోను ఆనించి కదలకుండా పట్టుకున్నాను. యాప్ కాసేపు తిరిగి, జత కుదిరింది అన్నది. నెమ్మదిగా వచ్చాయి అంకెలు, కానీ తెగకుండా వచ్చాయి. గీత ఆకుపచ్చగానే ఉంది.

లాగరును అంచుకు జరిపితే ఇంకా తొందరగా వస్తాయని నరసమ్మ అంది. జరపనివ్వలేదు. ఉష్ణోగ్రత సీసాల మధ్యది కావాలి, ఫోను సౌకర్యం కోసం అంచుది కాదు. చదవడం సులువు చేసుకోవడానికి కొలిచే చోటు మార్చకూడదు. ఫోను జారకుండా రబ్బరు దగ్గర ఆసుపత్రి ప్లాస్టరుతో చిన్న సంచి అతికించాను. ఉదయం వచ్చి ఫోను అందులో పెట్టి మందుల కౌంటరు తెరిస్తే, మొదటి పదిమంది రోగులకు మందులిచ్చేలోపు పని అయిపోయేది. కొద్ది రోజులు అలా గీత చూసి, వివరంగా ఒక పేజీ రాసి పంపాను. అందులో ఒక వాక్యం ఇది: 'మూత తీయకుండా, పై బుట్ట వైపు రబ్బరు అంచుకు ఫోను ఆనించి ఉంచవలెను.'

నెల తిరక్కుండా అన్ని కేంద్రాలకూ సర్క్యులరు వచ్చింది. అందులో ఆ వాక్యం ఒక్క అక్షరం మారకుండా ఉంది. 'ఉంచవలెను' అన్నది కూడా నాదే. కింద సంతకం మాత్రం ఆయనది. నా పేరు ఎక్కడా లేదు. సర్క్యులరు వచ్చాక చుట్టుపక్కల కేంద్రాల ఎరుపులు ఒక్కొక్కటిగా ఆకుపచ్చగా మారాయని నరసమ్మ తెలుసుకుని వచ్చి చెప్పింది. చెప్పినప్పుడు నేను మందులు లెక్కపెడుతున్నాను. లెక్క ఆపి విన్నాను.

మెమో సంగతి మిగిలింది. 'సంజాయిషీ పరిశీలించి తదుపరి చర్య విరమించడమైనది' అని ఒక కాగితం వచ్చింది. దాన్ని నేను తీసుకోలేదు. విరమించడం అంటే తప్పు చేశాడు, వదిలేశాం అని అర్థం. ఆరోపణ నిరాధారం అని రాయమని తిప్పి పంపాను. మళ్ళీ అదే కాగితం వచ్చింది. మళ్ళీ తిప్పి పంపాను. డాక్టరమ్మ తన తరఫున ఒక నోటు రాసి జతచేసింది. లోపం పరికరం వాడిన పద్ధతిదే గాని నిల్వ చూసిన వ్యక్తిది కాదని. నేను దిగిపోవడానికి కొద్ది రోజుల ముందు, నేను అడిగిన మాటతోనే కాగితం వచ్చింది. దాన్ని సర్వీసు రిజిస్టరులో అతికించే దాకా గుమాస్తా బల్ల దగ్గర నిలబడ్డాను. జిగురు ఆరాక ఇంటికి వెళ్ళాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. కొత్త పరికరాన్ని అది పని చేయవలసిన చోటే, పని చేయవలసిన స్థితిలోనే పెట్టి చూపించమని అడగండి. బల్ల మీద పని చేసింది పెట్టెలో పని చేస్తుందని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. కొలిచే పనే కొలవవలసినదాన్ని మారుస్తుంటే, ముందు కొలిచే పద్ధతిని అనుమానించండి. ఈ ప్రశ్నలు అడిగినప్పుడు హాలు నవ్వుతుంది. నవ్విన తరువాత కూడా నిలబడే ఉండండి.